ఆమ్లాలతో పనిచేసే హీట్ ఎక్స్ఛేంజర్: గాజు పూతా, గ్రాఫైటా, సిలికాన్ కార్బైడా, లోహమా?

పైడిభీమవరం పారిశ్రామిక వాడలో గానీ, అక్కడి నుంచి పూసపాటిరేగ వైపు విస్తరించిన మందుల కర్మాగారాల్లో గానీ ఒక కండెన్సర్ (ఆవిరిని చల్లార్చి ద్రవంగా మార్చే హీట్ ఎక్స్ఛేంజర్, అంటే గోడ గుండా వేడిని ఒక వైపు నుంచి మరో వైపుకు పంపే పరికరం) తూట్లుపడి మార్చవలసి వచ్చినప్పుడు, కొనుగోలు విభాగం ముందుకు తరచుగా నాలుగు రకాల కొటేషన్లు వస్తాయి. ఒకటి గాజు పూత వేసిన స్టీలుది, ఒకటి గ్రాఫైట్‌ది, ఒకటి సిలికాన్ కార్బైడ్ గొట్టాలది, ఇంకొకటి హాస్టెలాయ్ వంటి నికెల్ మిశ్రమ లోహానిది. ధరల్లో తేడా ఎక్కువగా ఉంటుంది, ప్రతి తయారీదారుడూ తన సరుకు తుప్పును తట్టుకుంటుందనే రాస్తాడు, ఆ మాట చాలా వరకు నిజం కూడా. అందుకే ఎంపిక కష్టమవుతుంది.

వీటిలో ఏది మంచిదో చెప్పాలంటే, ఆ గోడను ఏడాది పొడవునా ఏమేమి తాకుతాయో ముందు తెలియాలి. మామూలు రోజున ప్రవహించే ద్రవం ఒక్కటే లెక్కలోకి వస్తే సరిపోదు. బ్యాచ్ అయిపోయాక కడిగే కాస్టిక్ (సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం), ఉత్పత్తి మారినప్పుడు వచ్చే కొత్త ద్రావణి, కరెంటు పోయి నీళ్లు ఆగిన పది నిమిషాలు, నీటి వైపు గార తీయడానికి ఎవరో తెచ్చి పోసిన ఆమ్లం, ఇవన్నీ ఆ గోడకు పని గంటలే. నేను ఈ వ్యాసంలో ఒక్కో పదార్థాన్నీ ఆ కోణం నుంచే పోల్చాను.

## కొటేషన్ చూడకముందు తేల్చుకోవలసినవి

మొదటిది రసాయనం. ఆమ్లం పేరు, గాఢత, ఉష్ణోగ్రత రాసుకోవడం అందరూ చేసే పనే. దానితో పాటు ఫ్లోరైడ్ అయాన్ ఎక్కడైనా పుడుతుందా, విడి బ్రోమిన్ గానీ క్లోరిన్ గానీ ఉంటుందా, నైట్రిక్ ఆమ్లం వంటి ఆక్సీకరణ కారకాలు వస్తాయా, కడగడానికి వాడే క్షారం ఎంత వేడిగా ఎంతసేపు నిలుస్తుంది అన్న నాలుగు ప్రశ్నలకు రాతపూర్వకమైన జవాబు ఉండాలి. ఈ నాలుగింటిలో ఒక్కదానికి తప్పు జవాబు చెప్పినా మిగతా లెక్కంతా వృథా అవుతుంది.

రెండవది ఉష్ణోగ్రతలో వచ్చే ఆకస్మిక మార్పు. ఒకే కండెన్సర్‌కు పగలు కూలింగ్ టవర్ నీళ్లు, రాత్రి సున్నాకు దిగువన ఉండే బ్రైన్ (గడ్డకట్టని ఉప్పునీళ్లు) ఇచ్చే అలవాటు మన బల్క్ డ్రగ్ (మందుల ముడి సరుకు) యూనిట్లలో ఉన్నదే. మూడవది ఉష్ణ మార్పిడి సామర్థ్యం, నాలుగవది ఉత్పత్తి శుద్ధత, అయిదవది మరమ్మతుకు పట్టే కాలం. గాజు పూత వేసే పెద్ద కొలిమి కర్మాగారాలు గుజరాత్‌లోని ఆనంద్ పరిసరాల్లోనూ, హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా నుంచి అక్కడికి పంపి తిరిగి తెప్పించుకునే వారాల పాటు ఉత్పత్తి ఆగితే అయ్యే నష్టాన్ని కూడా కొనుగోలు ధర పక్కన రాసి చూడాలి.

## గాజు పూత: దాని బలం, దాని శత్రువులు

స్టీలు మీద గాజు పొడిని నీటిలో కలిపి చల్లి, ఆరబెట్టి, కొలిమిలో 800 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ మధ్య కాలుస్తారు. మొదటి పూతలో కోబాల్ట్, నికెల్ ఆక్సైడ్లు ఉంటాయి, అవి గాజును స్టీలుకు రసాయనికంగా పట్టి ఉంచుతాయి. ఆ పైన ఆమ్లాన్ని తట్టుకునే పూతలను ఒక్కొక్కటిగా వేసి కాలుస్తూ మొత్తం మందాన్ని దాదాపు 1 నుంచి 2 మిల్లీమీటర్లకు తెస్తారు. చల్లారేటప్పుడు స్టీలు గాజు కంటే ఎక్కువగా కుంచించుకుపోతుంది కాబట్టి గాజు శాశ్వతంగా సంపీడన ఒత్తిడిలో ఉండిపోతుంది. గాజు నొక్కుడును బాగా తట్టుకుంటుంది, లాగుడును తట్టుకోలేదు. ఈ పూత మన్నిక అంతా ఆ ఒక్క లక్షణం మీదే నిలబడి ఉంది, అది విరిగే తీరూ దానితోనే అర్థమవుతుంది.

హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్, నైట్రిక్, హైడ్రోబ్రోమిక్ ఆమ్లాలూ, విడి బ్రోమిన్, తడి క్లోరిన్, సేంద్రియ ఆమ్లాలూ ద్రావణులూ, వీటన్నిటినీ ఒకే గోడ తట్టుకోవడం గాజు పూతకున్న అసలైన విలువ. ఈ ఏడాది ఒక మందు, వచ్చే ఏడాది ఇంకొకటి చేసే యూనిట్‌కు ఇంత విస్తృతమైన భరోసా ఇచ్చే చవకైన గోడ మరొకటి లేదు. పైగా ఉపరితలం నున్నగా ఉండటం వల్ల జిగురు పదార్థాలు తక్కువగా అంటుకుంటాయి, లోహపు అయాన్లు మందులోకి దిగవు.

దాని శత్రువులు మూడు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమూ ఆమ్ల మాధ్యమంలోని ఫ్లోరైడూ మొదటివి. గాజులోని సిలికాను ఫ్లోరైడ్ కరిగించివేస్తుంది, వేడి ఆమ్లంలో కొద్ది పాటి ఫ్లోరైడ్ కూడా చాలు. మా ప్రక్రియలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమే లేదు కదా అని ఊరుకోకూడదు. లెవోఫ్లాక్సాసిన్ వంటి ఫ్లోరోక్వినలోన్ మందుల తయారీలో వలయం మూసుకునే దశలో ముడిపదార్థం నుంచే ఫ్లోరైడ్ విడుదలవుతుంది. అది తరువాతి దశలో ఆమ్లంతో కలిసే అవకాశం ఉందో లేదో మీ ప్రాసెస్ కెమిస్టును అడిగి తెలుసుకోవాలి. గాఢమైన వేడి ఫాస్ఫారిక్ ఆమ్లం కూడా ఈ కోవలోనిదే.

రెండవ శత్రువు వేడి క్షారం. దీని గురించి భయం ఉండవలసిన దానికంటే కొన్నిచోట్ల ఎక్కువగానూ, కొన్నిచోట్ల తక్కువగానూ ఉంది. ఒక నార్మల్ గాఢత (లీటరుకు 40 గ్రాములు) గల సోడియం హైడ్రాక్సైడ్ 80 డిగ్రీల వద్ద మంచి రకం గాజును ఏడాదికి సుమారు 0.4 మిల్లీమీటర్లు తినివేస్తుంది, అది కూడా ఏడాదంతా ఆగకుండా తాకుతూ ఉంటేనే. ఏడాదికి 300 బ్యాచ్‌లు, ప్రతిదానికీ అరగంట కడుగుడు అనుకుంటే మొత్తం 150 గంటలు, అంటే ఏడాదిలో రెండు శాతం కూడా కాదు. ఆ లెక్కన పోయేది మైక్రాన్లలో ఉంటుంది. అయితే ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు వేగం దాదాపు రెట్టింపవుతుంది. కాస్టిక్‌ను రాత్రంతా మరగనిచ్చి ఉదయం షిఫ్టు వాళ్లు వచ్చి దించే పద్ధతి ఉన్న చోట గాజు ముందుగా మెరుపు కోల్పోతుంది, ఆపై గరుకెక్కుతుంది, కొన్నేళ్లలో సన్నబడుతుంది. 60 డిగ్రీల లోపు కడిగి వెంటనే నీళ్లతో తొలిచే క్రమశిక్షణ ఉన్న యూనిట్ క్షారం గురించి కలత చెందనవసరం లేదు.

మూడవది థర్మల్ షాక్. వేడిగా ఉన్న గాజు మీద చల్లని ద్రవం పడితే పై పొర ఒక్కసారిగా కుంచించుకుపోయి లాగుడులోకి వెళుతుంది, పెచ్చు ఊడిపోతుంది. తయారీదారుడు గోడ ఉష్ణోగ్రతకూ లోపలికి వచ్చే ద్రవానికీ మధ్య ఎంత తేడా ఉండవచ్చో చార్టు ఇస్తాడు. చాలా పరికరాలకు అది 100 నుంచి 140 డిగ్రీల మధ్య ఉంటుంది, గోడ ఎంత వేడిగా ఉంటే అంత తగ్గుతుంది. 110 డిగ్రీల ఆవిరి నిండిన కండెన్సర్‌లోకి 30 డిగ్రీల టవర్ నీళ్లు వదిలితే తేడా 80, సాధారణంగా ఏమీ కాదు. అదే కండెన్సర్‌లోకి మైనస్ 15 డిగ్రీల బ్రైన్ ఒక్కసారిగా తెరిస్తే తేడా 125 అవుతుంది, అంటే హద్దు మీదకు వెళ్లినట్టే.

మన జిల్లాల్లో ఈ సంగతికి అదనపు ప్రాధాన్యం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు విద్యుత్ సరఫరా ఎంత కాలం అస్తవ్యస్తమైందో ఇక్కడి వారికి చెప్పనక్కరలేదు. తుపాను లేని రోజుల్లో కూడా గాలివానకు కరెంటు పోవడం, జనరేటర్ అందుకునే వరకు పంపులు ఆగడం మామూలే. పంపు ఆగిన ఆ కొద్ది నిమిషాల్లో కండెన్సర్ ఆవిరి ఉష్ణోగ్రతకు చేరుతుంది, పంపు తిరిగి మొదలైన క్షణాన చల్లని ప్రవాహం దాని మీద పడుతుంది. గాజు పూత ఎంచుకునేవారు స్టీమ్ వాల్వు కరెంటు పోగానే తనంతట తాను మూసుకునేలా, బ్రైన్ వాల్వు నెమ్మదిగా తెరుచుకునేలా ఏర్పాటు చేసుకోవాలి. అందుకు అయ్యే ఖర్చు కొత్త పరికరం ఖర్చుతో పోలిస్తే చాలా స్వల్పం.

## నీటి వైపున జరిగే నష్టం

గాజు పూత పరికరాలు లోపలి ఆమ్లం వల్ల కంటే బయటి ఆమ్లం వల్ల పాడైన సందర్భాలు చాలా ఉంటాయి. కారణం హైడ్రోజన్. షెల్ వైపు, అంటే నీళ్లు పారే స్టీలు వైపు, సున్నపు గార పేరుకున్నప్పుడు దాన్ని కరిగించడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే అది గారతో పాటు స్టీలునూ తింటుంది, ఆ చర్యలో పుట్టిన పరమాణు హైడ్రోజన్ స్టీలు గుండా చొచ్చుకుపోయి గాజు వెనుక చేరుతుంది. అక్కడ రెండు పరమాణువులు కలిసి వాయువు అవుతాయి, పోవడానికి దారి లేక గాజును లోపలి నుంచి నెట్టి చేప పొలుసుల మాదిరిగా ఊడగొడతాయి. ఇది ఆమ్లం పోసిన రోజున కాక కొన్ని రోజులకో వారాలకో బయటపడవచ్చు కాబట్టి తప్పు ఎక్కడ జరిగిందో ఎవరికీ తట్టదు. ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే పైపు అతుకు) లీకయి ఆమ్లం షెల్ పైన కారినా ఇదే జరుగుతుంది.

సముద్ర తీరానికి దగ్గరగా, బోరు నీటి మీద ఆధారపడే యూనిట్లలో నీటి కాఠిన్యం, క్లోరైడ్ రెండూ ఇబ్బంది పెడతాయి. గాజు పూత ఎంచుకున్నవారు నీటిని ముందే మెత్తబరచాలి, లేదా తయారీదారుడు అనుమతించిన గార తొలగింపు ద్రావణాలనే వాడాలి. ఈ నియమాన్ని మెయింటెనెన్స్ సిబ్బందికి, ముఖ్యంగా కాంట్రాక్టు పనివారికి, తెలుగులో రాసి పరికరం పక్కనే తగిలించాలి. వారిలో ఎవరూ కావాలని పాడుచేయరు, గార తీయమన్నారు, ఆమ్లం గారను తీస్తుందని వారికి తెలుసు, అంతవరకే వారికి ఎవరైనా చెప్పి ఉంటారు.

## ఉష్ణ మార్పిడిలో ఎంత పోతుంది?

గాజు ఉష్ణ వాహకత మీటరుకు డిగ్రీకి 1 వాటు పైచిలుకు, స్టీలుది దాదాపు 50. ఈ తేడా చూసి గాజు పూతను పక్కన పెట్టేవారున్నారు. కానీ ఉష్ణం గోడను మాత్రమే దాటదు, ఇరువైపులా ఉన్న ద్రవపు పొరలనూ మలినాల పొరనూ కూడా దాటాలి. సేంద్రియ ద్రావణి ఆవిరి ఘనీభవించే వైపు చదరపు మీటరుకు డిగ్రీకి 1000 వాట్లు, నీటి వైపు 3000 వాట్లు, మలినాలకు 0.0002 నిరోధం అనుకుని నేను వేసిన లెక్క ఇది. ఇది ఉదాహరణ మాత్రమే, మీ అంకెలు వేరుగా ఉంటాయి.

| గోడ | అనుకున్న మందం | మొత్తం ఉష్ణ మార్పిడి గుణకం (వాట్లు, చ.మీ.కు, డిగ్రీకి) |
|---|---|---|
| గాజు పూత స్టీలు | గాజు 1.2 మి.మీ., స్టీలు 5 మి.మీ. | 365 |
| రెసిన్ పట్టించిన గ్రాఫైట్ | 10 మి.మీ. | 615 |
| సిలికాన్ కార్బైడ్ | 2 మి.మీ. | 645 |
| హాస్టెలాయ్ సీ-276 | 1.65 మి.మీ. | 590 |
| టాంటలం | 0.5 మి.మీ. | 650 |
| బోరోసిలికేట్ గాజు | 1.5 మి.మీ. | 360 |
| టెఫ్లాన్ గొట్టాలు | 0.6 మి.మీ. | 255 |

గ్రాఫైట్‌లో 10 చదరపు మీటర్లు సరిపోయే పనికి గాజు పూతలో సుమారు 17 చదరపు మీటర్లు కావాలి. ఇది నిజమైన లోటు, కొటేషన్లు పోల్చేటప్పుడు చదరపు మీటరు ధర చూడకుండా పని మొత్తానికి అయ్యే ధర చూడాలనడానికి ఇదే కారణం. అయితే ఇదే లెక్కను చల్లారవలసిన వాయువుకు, అంటే ఒక వైపు గుణకం 50 మాత్రమే ఉన్న చోటికి, వర్తింపజేస్తే గాజు పూతకు 46, గ్రాఫైట్‌కు 48 వస్తుంది. తేడా మాయమైనట్టే. వాయువు గానీ చిక్కని ద్రవం గానీ ఉన్న చోట అధిక వాహకత కోసం అదనంగా డబ్బు పెట్టడంలో అర్థం లేదు. నీటి వైపు అర మిల్లీమీటరు సున్నపు గార చేరినా గ్రాఫైట్ తన గుణకంలో ఎనిమిదో వంతు దాకా కోల్పోతుంది, గాజు పూత పన్నెండో వంతే కోల్పోతుంది. నీటి శుద్ధి లేని యూనిట్‌లో గ్రాఫైట్ ఆధిక్యం కాగితం మీద ఉన్నంతగా నిలవదు.

ఇంకొక సంగతి. తీర ప్రాంతపు తేమ వల్ల ఇక్కడ కూలింగ్ టవర్ నీళ్లు ఎండాకాలం, వానాకాలాల్లో 30 డిగ్రీల కంటే దిగువకు రావడం కష్టం. హైదరాబాద్‌లోని పొడి గాలి లెక్కలతో గీసిన డిజైన్‌ను యథాతథంగా తెచ్చుకుంటే వైశాల్యం చాలదు. డైక్లోరోమీథేన్ వంటి, దాదాపు 40 డిగ్రీలకే మరిగే ద్రావణికి ఈ రెండు మూడు డిగ్రీల తేడా చాలా పెద్దది.

## గ్రాఫైట్

గ్రాఫైట్‌లో సహజంగా రంధ్రాలుంటాయి, వాటిలోకి ఫినాలిక్ రెసిన్ పట్టించి ద్రవం కారకుండా చేస్తారు. వాహకత బాగుంటుంది, థర్మల్ షాక్‌ను గాజు కంటే చాలా బాగా తట్టుకుంటుంది, హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి ఏ గాఢతలోనైనా మరిగే ఉష్ణోగ్రత వరకు నిలుస్తుంది. హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును నీటిలో పీల్చించి ఆమ్లంగా మార్చే యూనిట్లలో దశాబ్దాలుగా ఇదే ప్రామాణికం. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లానికి కూడా మధ్యస్థ గాఢతల వరకు నిలవడం గాజుకు లేని గుణం.

నైట్రిక్ ఆమ్లం, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, విడి బ్రోమిన్, తడి క్లోరిన్ దీనికి పనికిరావు. వేడి కాస్టిక్ రెసిన్‌ను దెబ్బతీస్తుంది. ఫినాలిక్ రెసిన్ ఉన్న రకాలకు ఉష్ణోగ్రత పరిమితి సుమారు 170 నుంచి 200 డిగ్రీలు. యాంత్రికంగా పెళుసు, పైపు బోల్టులు ఒకవైపు ఎక్కువ బిగించినా మూల విరుగుతుంది. గ్రాఫైట్ దిమ్మెలను పేర్చి కట్టే బ్లాక్ రకంలో మాత్రం విరిగిన బ్లాకును మాత్రమే మార్చుకోవచ్చు, దానికి కొలిమి అక్కరలేదు. ఆ పనిని మన ప్రాంతంలోనే, కర్మాగారంలోనే చేసుకోవచ్చు కాబట్టి మరమ్మతు కాలం విషయంలో గ్రాఫైట్ గాజు పూత కంటే మెరుగు.

మందుల యూనిట్లు గమనించవలసిన లోపం ఒకటుంది. పూర్తయిన మందు తాకే దశలో నల్లని రేణువు ఒక్కటి కనిపించినా ఆ బ్యాచ్ ప్రశ్నార్థకమవుతుంది, ఒక ఉత్పత్తి నుంచి మరొకదానికి మారినప్పుడు గోడను పూర్తిగా శుభ్రపరచామని నిరూపించడం కూడా గ్రాఫైట్‌తో కష్టం. అందువల్ల మధ్య దశల్లో, స్క్రబ్బర్ల (వాయువులను కడిగే పరికరాల) దగ్గర, ఆమ్లం తిరిగి పట్టే చోట దీన్ని వాడటం మేలు.

## సిలికాన్ కార్బైడ్

సింటరింగ్ చేసిన (పొడిని అధిక వేడిలో కాల్చి గట్టిపరచిన) సిలికాన్ కార్బైడ్ ఈ పోలికలోని అన్ని ప్రశ్నలకూ బాగానే జవాబు చెబుతుంది. ఆమ్లం, క్షారం, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, ఆక్సీకరణ కారకాలు దేనికీ లొంగదు, వాహకత గ్రాఫైట్ స్థాయిలో ఉంటుంది, రాపిడికి అరగదు. ఆమ్లమూ కాస్టిక్ కడుగుడూ ఫ్లోరైడూ ఒకే గోడకు తాకే చోట దీనికి దీటైనది నాకు కనిపించదు.

అడ్డంకులు ధర, పెళుసుదనం, సీల్స్. గొట్టాలు చెడకపోయినా వాటి చివర్లలోని ఓ-రింగులు ఏ రబ్బరుతో చేసినవన్నది మొత్తం పరికరం హద్దును నిర్ణయిస్తుంది. ఓ-రింగు మీ ద్రావణికి ఉబ్బితే సిలికాన్ కార్బైడ్ ఎంత గట్టిదైనా ప్రయోజనం లేదు. కొనే ముందు ఓ-రింగు పదార్థం పేరు, దాని ద్రావణి నిరోధ పట్టిక రాతలో తీసుకోండి. విడి గొట్టాలు రెండు మూడు, ఓ-రింగుల సెట్టు ఒకటి మొదటి ఆర్డరులోనే తెప్పించుకోవాలి, ఎందుకంటే తరువాత ఒక్క గొట్టం కోసం నెలలు ఎదురుచూడవలసి రావచ్చు.

## లోహాలు

హాస్టెలాయ్ సీ-276 సుమారు 57 శాతం నికెల్, 16 శాతం చొప్పున మాలిబ్డినం, క్రోమియం ఉన్న మిశ్రమ లోహం. థర్మల్ షాక్‌కు భయపడదు, వేడి కాస్టిక్‌ను తట్టుకుంటుంది, అధిక పీడనానికి ఆగుతుంది, ఇక్కడి నైపుణ్యం గల వెల్డరే సరైన పద్ధతిలో మరమ్మతు చేయగలడు. అయితే మరిగే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఇది నిలవదు. ఆ పనికి బీ-3 రకం ఉన్నా, ఆమ్లంలో ఫెర్రిక్ లేదా క్యుప్రిక్ అయాన్లు కొద్దిగా చేరినా అది వేగంగా తినబడుతుంది. లోపలి రబ్బరు పూత చెడిన పాత ఎంఎస్ (మైల్డ్ స్టీలు) ట్యాంకులో నిల్వ చేసిన ఆమ్లంలో ఇనుము ఉండటం సహజం కాబట్టి ఈ ప్రమాదం మన యూనిట్లకు ఊహ కాదు. మందుల్లో నికెల్ అవశేషానికి అంతర్జాతీయ మార్గదర్శకాలు హద్దు పెట్టాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

టాంటలం ఆమ్లాల విషయంలో గాజులాగే ప్రవర్తిస్తుంది, శత్రువులు కూడా దాదాపు అవే: ఫ్లోరైడ్, వేడి క్షారం, వాటికి తోడు పొగలు కక్కే సల్ఫ్యూరిక్ ఆమ్లం. గాజు పూత పెచ్చు ఊడిన చోట టాంటలం బిరడా బిగించి మరమ్మతు చేయడం అందుకే కుదురుతుంది. వేరొక లోహాన్ని తాకుతూ ఆమ్లంలో ఉంటే హైడ్రోజన్ పీల్చుకుని పెళుసెక్కుతుందన్నది దీని ప్రత్యేక బలహీనత. ధర దృష్ట్యా చిన్న వైశాల్యం చాలిన చోట, అధిక పీడనమూ గాఢ నైట్రిక్ ఆమ్లమూ కలిసిన చోట తప్ప మొత్తం ఎక్స్ఛేంజర్‌గా దీన్ని సూచించలేను.

బోరోసిలికేట్ గాజు కండెన్సర్ లోపల ఏం జరుగుతుందో కంటికి చూపిస్తుంది, పైలట్ ప్లాంటుకు మంచిది, కానీ టొలీన్ వంటి మండే ద్రావణుల పెద్ద బ్యాచ్‌ల మీద పగిలే గాజును పెట్టడం నాకు సమ్మతం కాదు. టెఫ్లాన్ గొట్టాలు వేడెక్కే కొద్దీ పీడనాన్ని మోయలేవు, ట్యాంకులో ముంచే కాయిళ్లకు సరిపోతాయి.

## రసాయనం ప్రకారం ఒక చూపు

| తాకే పదార్థం | గాజు పూత | గ్రాఫైట్ | సిలికాన్ కార్బైడ్ | హాస్టెలాయ్ సీ-276 | టాంటలం |
|---|---|---|---|---|---|
| మరిగే హైడ్రోక్లోరిక్ ఆమ్లం | సరే | సరే | సరే | వద్దు | సరే |
| నైట్రిక్ ఆమ్లం | సరే | వద్దు | సరే | గాఢతను బట్టి | సరే |
| విడి బ్రోమిన్ | సరే | వద్దు | సరే | తడిగా ఉంటే వద్దు | సరే |
| ఆమ్లంలో ఫ్లోరైడ్ | వద్దు | మధ్యస్థ గాఢత వరకు | సరే | పరీక్షించాకే | వద్దు |
| వేడి కాస్టిక్ | కొద్దిసేపు, తక్కువ వేడిలో | వద్దు | సరే | సరే | వద్దు |
| ఆకస్మిక ఉష్ణోగ్రత మార్పు | చార్టు లోపలే | బాగా తట్టుకుంటుంది | బాగా తట్టుకుంటుంది | సరే | సరే |

"సరే" అన్న చోట కూడా మీ అసలు ద్రవంతో నమూనా ముక్క పరీక్ష చేయించుకోవడం మంచిది. నమూనా ముక్కను ద్రవంలోనూ, పైన ఆవిరిలోనూ రెండు చోట్లా వేలాడదీయాలి.

## ఎవరికి ఏది

ఏడాదిలో అయిదారు ఉత్పత్తులు మార్చే బల్క్ డ్రగ్ యూనిట్‌కు, ఫ్లోరైడ్ లేనంత వరకు, రియాక్టర్ పైని కండెన్సర్‌గా గాజు పూతనే నేను సూచిస్తాను. రేపు ఏ ఆమ్లం వస్తుందో తెలియని చోట ఎక్కువ వైశాల్యం కొనడం తెలివైన బీమా. ఫ్లోరినేటెడ్ మందులు చేసేవారు, లేదా వేడి కాస్టిక్ కడుగుడు తప్పనిసరి అయినవారు డబ్బు కూడగట్టుకుని సిలికాన్ కార్బైడ్‌కు వెళ్లాలి. వారు గాజు పూతకు వెళ్తే మిగిలినట్టు కనిపించే సొమ్ము రెండో కొనుగోలులో తిరిగి పోతుంది.

రోజంతా ఒకే హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని పీల్చే, వేడిచేసే, చల్లార్చే యూనిట్‌కు గ్రాఫైట్‌ను మించింది లేదు. నైట్రేషన్, బ్రోమినేషన్ చేసేవారు గ్రాఫైట్ కొటేషన్‌ను ఎంత చవకగా ఉన్నా పక్కన పెట్టాలి. ద్రవం ఎక్కువ కాలం తటస్థంగానో క్షారంగానో ఉండి అప్పుడప్పుడు పలుచని ఆమ్లం మాత్రమే తాకే చోట హాస్టెలాయ్ చాలు. ముందే తటస్థపరచి సాధారణ స్టెయిన్‌లెస్ స్టీలు వాడే వీలుందేమో కూడా చూడండి, చాలాసార్లు ఉంటుంది.

వ్యర్థజలాలను ఆవిరి చేసే ఎవాపరేటర్ల కోసం కొందరు గాజు పూత అడుగుతారు. అక్కడ సమస్య ఆమ్లం కంటే ఎక్కువగా ఉప్పు, గార. పెద్ద వైశాల్యం కావాలి, తరచుగా గీకి శుభ్రం చేయాలి. టైటానియం వంటి లోహాలే ఆ పనికి తగినవి. బాయిలర్ పొగ నుంచి వేడి పట్టుకునే చోట, సల్ఫ్యూరిక్ ఆమ్లం గోడ మీద చెమర్చే ఉష్ణోగ్రతల్లో, పలుచని ఎనామెల్ వేసిన స్టీలు పలకలు బాగా పనిచేస్తాయి. ఆ పూత మిల్లీమీటరులో కొద్ది వంతే ఉంటుంది, అందులో సూదిరంధ్రాలు ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి చవకగా వచ్చిందని దాన్ని ద్రవ ఆమ్లానికి వాడకూడదు.

మరమ్మతు బృందం చిన్నది, కరెంటు తరచుగా పోతుంది, నీటి శుద్ధి లేదు, ఈ మూడూ కలిసిన చిన్న యూనిట్ పరిస్థితి అన్నిటికంటే కష్టం. అలాంటి వారు గాజు పూత కొనే ముందు ఆ సొమ్ములో కొంత తీసి నీటిని మెత్తబరచే ప్లాంటు, తనంతట మూసుకునే స్టీమ్ వాల్వు కొనాలి. అది కుదరకపోతే రసాయనం అనుమతించినంత మేరకు బ్లాక్ రకం గ్రాఫైట్ వారి తప్పులను ఎక్కువగా క్షమిస్తుంది.

## ఆర్డరు రాసేటప్పుడు

గాజు పూతకు ఐఎస్ఓ 28721 ప్రమాణాన్ని ఆర్డరులో పేర్కొనండి. పూత మందం కనిష్ఠం, గరిష్ఠం రెండూ రాయించండి, ఎందుకంటే మందం మరీ ఎక్కువైతే పెచ్చులూడే ప్రమాదమూ పెరుగుతుంది. తయారీదారుడి దగ్గర 20 కిలోవోల్టుల స్పార్క్ పరీక్ష (పూతలోని రంధ్రాలను విద్యుత్తుతో పట్టే పరీక్ష) మీ మనిషి ఎదుట జరగాలి. లారీ దిగాక, బిగించక ముందు, తక్కువ వోల్టేజితో మళ్లీ పరీక్షించాలి. ప్రయాణంలో జరిగిన దెబ్బ బిగించాక బయటపడితే బాధ్యత ఎవరిదో తేల్చడం కష్టం. పదేపదే ఎక్కువ వోల్టేజితో పరీక్షిస్తే మంచి గాజుకే రంధ్రం పడుతుంది కాబట్టి వాడకంలోని పరికరానికి 5 నుంచి 7 కిలోవోల్టుల పరిధి దాటకూడదు.

ఫ్లాంజ్ బోల్టులను టార్క్ రెంచ్‌తో, ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. టొలీన్, హెక్సేన్ వంటి విద్యుత్తు ప్రసరించని ద్రావణులు గాజు గోడల మధ్య వేగంగా పారితే స్థిర విద్యుత్ పేరుకుని గాజును గుచ్చుకుపోగలదు, నిప్పు కూడా పుట్టించగలదు. కాబట్టి ప్రవాహ వేగం సెకనుకు ఒక మీటరు లోపు ఉంచేలా డిజైన్ చేయించాలి, ఎర్తింగ్ ఏర్పాటును ఆర్డరులోనే అడగాలి.

ఏ పదార్థం ఎంచుకున్నా నీరు తిరిగి వచ్చే పైపు మీద పీహెచ్ మీటరు, కండక్టివిటీ మీటరు పెట్టించండి. సూదిమొనంత రంధ్రం పడినప్పుడు మొదట తెలిసేది అక్కడే. అది తెలియకపోతే ఆమ్లం కూలింగ్ టవర్‌లోకి, అక్కడి నుంచి బ్లోడౌన్‌తో (టవర్ నుంచి బయటికి వదిలే నీటితో) కాలువలోకి, కందివలస గెడ్డ మీదుగా సముద్రం వైపు వెళుతుంది. ఆ గట్ల మీద పొలాలు, ఆ తీరాన చేపలు పట్టుకునే ఊళ్లు ఉన్నాయి. మీటరు అలారం మోగిన వెంటనే ఫీడు ఆపే అధికారం షిఫ్టులో ఉన్న ఆపరేటర్‌కే ఉండాలి, మేనేజరు అనుమతి కోసం ఎదురుచూసే పద్ధతి ఉండకూడదని ఆపరేషన్ సూచనల్లోనే రాసిపెట్టండి.